తిత్తి

మా తాత కొలిమి కాడ తోలుతిత్తి గొలుసు
నా చెయ్యికి అందకపోయేది.
బండరాయెక్కి లాగేటోణ్ణి.
లాగితే నిండేది, ఇడిస్తే నిప్పు లేచేది.

ఇప్పుడు పాలమూరు పెద్దాసుపత్రిల
ఎక్స్‌రే తీస్త.
గదుమ పైకెత్తు, భుజాలు ముందుకు,
దమ్ము పట్టు... పట్టు... ఇడువు.
రోజుకు నూరుసార్లంట ఈ మాట.
దమ్ము పట్టలేకనే వచ్చినోళ్లకు కూడా
ఇదే మాట.

జడ్చర్ల నుంచి వచ్చిండు ఊశన్న,
ఇరవై రెండేండ్లు, జొన్నకర్ర లెక్క పొడుగు.
దెబ్బ లేదు, జ్వరం లేదు.
చెప్పులేసుకుంటుంటే ఛాతిల కలుక్కుమన్నదట.
తెర మీద కుడిపక్కంత నలుపు,
కొమ్మా రెమ్మా లేని నలుపు.
దాని అంచుకు వెంట్రుకంత తెల్లగీత.
ఊపిరితిత్తి అక్కడిదాక ముడుచుకున్నది.
"మీద యాడనో పొక్కుంటది,
ఎప్పుడు పగులుతదో దానికే తెల్వదు"
అన్నది సబీహా మేడం.
తాత అంటుండె:
తోలు చినిగితే గాలి తక్కువ గాదు రా,
దారి తప్పుతది.

గోడపక్క మంచంల కుర్మయ్య.
పలుగురాళ్ల మిల్లుల పన్నెండేండ్లు
తెల్లపిండి పీల్చిండు.
ఆయన తిత్తి కూడా చినిగింది, కానీ
ఊశన్న తిత్తి మూడొద్దులకు విచ్చుకున్నది,
ఈయనది పదిహేనొద్దులైనా లేస్తలేదు.
ఎండిన తోలుకు మాసిక నిలుస్తదా.
డొక్కల గొట్టం, గొట్టం కింద నీళ్లసీసా,
సీసాల బుడగలు.
రాత్రంత వాటిని లెక్కపెడుతడు.
పొద్దున నన్ను చూసి
"నాలుగొందల పన్నెండు" అంటడు,
కూలిడబ్బులు అప్పజెప్పినట్టు.

నలుపే చెడ్డదని అనుకునేటోణ్ణి,
దేవరకద్ర నుంచి ఆ పిల్లను తెచ్చేదాక.
రెండేండ్లది, పేరు మల్లిక.
పల్లికాయలు ఒలిచేకాడ ఆడుకుంటున్నది,
ఒక గింజ నవ్వుల పడి లోపలికి జారింది.
చినుగు లేదు. పొక్కు లేదు.
గొట్టానికి బొగ్గుపెళ్ల అడ్డం పడ్డట్టు
గాలి పోయే దారే మూసుకున్నది.
లోపలున్న గాలి నెత్తురుల ఇంకింది,
తిత్తి తెల్లగ గడ్డకట్టింది.
గుండె కూడా అటే ఒరిగింది,
ఖాళీ అయిన ఇంట్లకు తొంగిచూసినట్టు.
తల్లి ఒళ్లె ఇంకా పల్లిపొట్టు ఉండె.
అంబులెన్సు పట్నం తొవ్వ పట్టినంక
నేను నేల మీదున్న ఆ పొట్టును
ఒక్కొక్కటిగ ఏరిన. ఎందుకో.

అఫ్సర్ సంగతి ఏరే.
బోరుబండి పైపు జారి ఎదల తాకింది.
అర్ధరాత్రి స్ట్రెచర్ నా గది దిక్కు ఉరికిచ్చిండ్రు.
మెడనరాలు తాళ్ల లెక్క ఉబ్బినయ్,
గొంతుగొట్టం ఎడమకు జరిగింది,
పెదవులు నేరేడుపండ్లు.
నేను ప్లేటు సదురుతున్న.
మేడం ఉరికొచ్చి నా చెయ్యి మీద కొట్టింది.
"ఇది ఫొటో దిగే టైమా!"

అప్పుడు యాదికొచ్చింది,
తాత తిత్తికి లోపల ఉండే తోలురెక్క.
గాలిని లోపలికి రానిస్తది, మళ్ల పోనియ్యది.
కొలిమికి అదే పానం.
మనిషి ఎదల చినుగు అట్ల రెక్కయితే
పీల్చిన ప్రతి దమ్మూ లోపలే చిక్కి
బతికున్న తిత్తినీ, గుండెనూ నొక్కుతది.
ఊపిరే ఊపిరి తీస్తది.

మేడం సూది దించింది.
సుయ్‌మన్నది.
సైకిల్ ట్యూబు సప్పుడు, అంతకంటె పెద్దది కాదు.
అంత చిన్న సప్పుడుకు
పెదవుల రంగు మల్లొచ్చింది.

నాలుగో రోజు అఫ్సర్ నా గదికి వచ్చిండు
సీసాను మోకాలు కిందికి పట్టుకుని
తొణకకుండ, పాలు తెచ్చినట్టు.
"అన్నా, ఆ రాత్రి ఫొటో చూపియ్యవా?"
"తియ్యలే."
"ఎందుకు?"
"తీసుంటే నువ్వు అడగడానికి రాకపోదువు."

నవ్విండు.
సీసాల మూడు బుడగలు లేచినయ్.